గొట్టం వేశాక ఛాతీ ఎక్స్‌రే ఎవరికి?

తార్నాకలో మా ఫ్లాట్‌కి అప్పుడప్పుడు కుర్ర డాక్టర్లు వస్తుంటారు. నేను రిటైరైన ఆసుపత్రిలోనే, నేను పనిచేసిన చెవి, ముక్కు, గొంతు విభాగంలోనే ఇప్పుడు పీజీ చేస్తున్నవాళ్లు. టీ తాగుతూ ఏవేవో అడుగుతారు. ఏ ప్రొఫెసర్ ఎలాంటివాడు, ప్రైవేటుకు పోవడం మంచిదా కాదా, ఇలాంటివి. ఆ మధ్య ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, ట్రేకియాస్టమీ అయినంక కొన్ని ఆసుపత్రుల్ల అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీస్తరు. మన దగ్గరనేమో కొందరికే తీస్తం. అసలు ఏది కరెక్టు?"

కొందరికి తీస్తే చాలు అని ఒక్క ముక్కలో చెప్పి పంపించవచ్చు. కానీ ఎవరా కొందరు అన్నది తెలుసుకోవడానికి నాకు ఉద్యోగం మొత్తం పట్టింది. ముగ్గురు నలుగురు పేషంట్లు, ఇద్దరు పెద్దలు నేర్పితే తెలిసింది. ఆ అమ్మాయికి అంతా చెప్పేలోపల ఆమె బస్సు టైమైపోయింది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

డాక్టర్లు కానివాళ్ల కోసం ఒక మాట. గొంతులో వాపు వల్లనో, గడ్డ వల్లనో, దెబ్బ వల్లనో ఊపిరి వెళ్లే దారి మూసుకుపోతే, మెడ ముందు భాగంలో చిన్న కోత పెట్టి శ్వాసనాళంలోకి ఒక గొట్టం వేస్తాం. మనిషి ముక్కుతో కాకుండా ఆ గొట్టంతో ఊపిరి తీసుకుంటాడు. దాన్నే ట్రేకియాస్టమీ అంటారు. గొట్టం ఉన్నన్నాళ్లూ మాట రాదు. ఇరుకైన చోట చేసే పని కాబట్టి ఎప్పుడో ఒకసారి పక్కనున్న ఊపిరితిత్తి పొరకు దెబ్బ తగిలి, గాలి చేరకూడని చోట చేరుతుంది. అలాంటిదేమైనా జరిగిందా అని చూడటానికే ఆ ఎక్స్‌రే.

వామనరావు గారి రూలు

మాది బాపట్ల దగ్గర. మావారికి యూనివర్సిటీలో జియాలజీ లెక్చరర్‌గా ఉద్యోగం వచ్చాక ఇక్కడికి వచ్చాం. క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నేను ఊళ్లోని ఒక పెద్ద ఆసుపత్రిలో అసిస్టెంట్‌గా చేరాను. మా చీఫ్ డాక్టర్ వామనరావు గారు. రాజమండ్రి వైపు మనిషి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, రౌండ్స్‌లో అందరికన్నా ముందు నడిచేవారు. "అంతా నార్మల్ సార్" అని ఎవరైనా అంటే ఆయనకు మండేది. "ఏం చూశావో చెప్పు. నార్మలో కాదో నేను చెబుతాను" అనేవారు.

ఆయన రూలు ఒకటే. శ్వాసనాళంలో గొట్టం వేసినా సరే, బ్రాంకోస్కోప్ అనే లైటున్న గొట్టం దించి లోపల చూసినా సరే, ఆ మనిషికి ఛాతీ ఎక్స్‌రే తీయాలి. ఆ ఫిల్మ్ చూడనిదే ఆయన ఇంటికి వెళ్లరు. ఆయన వెళ్లనిదే మేమూ వెళ్లం. సాయంత్రం వంట ఆలస్యమవుతుందని నేను లోపల విసుక్కున్న రోజులు చాలా ఉన్నాయి.

ఒక సీతాఫలాల కాలంలో సీతాఫల్‌మండి నుంచి శోభ అనే ఆవిడ తన మూడేళ్ల కూతుర్ని ఎత్తుకొచ్చింది. పిల్ల పండు తింటూ నవ్వింది, గింజ ఊపిరి దారిలోకి పోయింది. రెండు రోజులు ఇంట్లోనే దగ్గుమందు తాగించారు. వామనరావు గారు స్వయంగా బ్రాంకోస్కోప్ వేసి, పట్టకారుతో గింజను బయటకు తీశారు. లోపల బాగా వాచిపోయి ఉంది. అయినా పిల్ల మత్తులోంచి లేచి బిస్కెట్ అడిగింది. వార్డులో అందరం తేలికపడ్డాం.

"ఇగ ఇంటికి తోల్కపోవచ్చా సారూ?" అని అడిగింది శోభ.

"ఎక్స్‌రే తీయించాక చెబుతానమ్మా" అన్నారు ఆయన.

ఫిల్మ్ వచ్చింది. నాకు ఏమీ తేడా కనిపించలేదు. ఆయన దాన్ని లైటు ముందు పెట్టి, నన్ను దగ్గరికి పిలిచారు.

"గింజ ఎక్స్‌రేలో కనబడదమ్మాయ్. అది చేసే పని కనబడుతుంది. కుడివైపు చూడు, ఎడమవైపు కంటే నల్లగా లేదూ? అక్కడ గాలి లోపలికి వెళుతోంది గానీ బయటికి రావడం లేదు. దారిలో ఇంకా ఏదో ఉంది."

మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారు. వాపు కింద ఇంకో గింజ ఉంది. దాన్ని కూడా తీసి, చిన్న గిన్నెలో వేసి శోభకు చూపించారు. ఆమె ఆ గింజ వంకా, పిల్ల వంకా చూసింది.

"నాకైతే ఒక్కటే మింగిన అన్నది సారూ."

"మూడేళ్ల పిల్ల లెక్క చెబితే నమ్మేశావా తల్లీ" అన్నారు వామనరావు గారు. ఆయన నవ్వడం నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి.

ఆ పిల్లను ఆ సాయంత్రం ఇంటికి పంపి ఉంటే మూసుకున్న ఆ ఊపిరితిత్తికి చీము పట్టేది. ఆ తర్వాత ఎక్స్‌రే కోసం ఆగాల్సి వచ్చినందుకు నేనెప్పుడూ విసుక్కోలేదు.

పొద్దుటి ఫిల్మ్

మా వారి దగ్గర ఎమ్మెస్సీ చదువుతున్న నర్సింహులు అనే కుర్రవాడు ఉండేవాడు. సిద్దిపేట వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. క్యాంపస్ హాస్టల్లో ఉండేవాడు. ఒక ఆదివారం పొద్దున గ్రౌండ్‌లో క్రికెట్ ఆడుతుంటే బంతి వచ్చి సూటిగా గొంతుకు తగిలింది. స్నేహితులు నీళ్లు తాగించబోతే మింగలేకపోయాడు. మాట బొంగురుపోయింది. ఆసుపత్రికి తెచ్చేసరికి ఊపిరి పీలిస్తే ఈల వేసినట్టు చప్పుడు.

క్షణం ఆలస్యం చేసే పరిస్థితి కాదు. వామనరావు గారు, నేను కలిసి గొట్టం వేశాం. తొందరలో, ఉబ్బిన మెడ మీద చేసిన ఆపరేషన్ అది. వెంటనే ఎక్స్‌రే తీయించాం. బాగానే ఉంది. వామనరావు గారు ఆ ఫిల్మ్‌ను ఒకటికి రెండుసార్లు చూసి, తృప్తిపడి, వేరే ఊరి మెడికల్ కాలేజీలో విద్యార్థులకు పరీక్షలు పెట్టే పని ఉంటే బయలుదేరారు.

మధ్యాహ్నానికి కుర్రవాడు అస్థిమితంగా కదలడం మొదలుపెట్టాడు. మాట రాదు కదా, చేత్తో ఛాతీ వైపు చూపిస్తున్నాడు. ఒళ్లంతా చెమట. డ్యూటీలో ఉన్న డాక్టర్ "పొద్దున ఫిల్మ్ నార్మలే మేడమ్. భయపడుతున్నట్టున్నాడు. నిద్రకు ఇంజెక్షన్ ఇద్దామా?" అని అడిగాడు. నాకు నచ్చలేదు. కానీ చీఫ్ చూసి బాగుందన్న ఫిల్మ్ అది. దాన్ని పట్టుకుని కింద రేడియాలజీకి పరుగెత్తాను. అక్కడ డాక్టర్ నుస్రత్ ఉండేవారు. నాకంటే సీనియర్, పాతబస్తీ మనిషి. ఫిల్ములు చదవడంలో ఆవిడను మించినవాళ్లను నేను చూడలేదు.

"మేడమ్, ఇందులో మేమేమైనా వదిలేశామేమో చూస్తారా?" అన్నాను.

ఆవిడ ఫిల్మ్ చేతిలోకి తీసుకోలేదు.

"ఇది ఎప్పటిది?"

"పొద్దుటిది."

"పిల్లగాడికి తక్లీఫ్ ఎప్పుడైతున్నది?"

"ఇప్పుడు."

"మరి పొద్దుటి ఫిల్మ్ చూసి నేనేం చెప్పాలె లలితా? పద, పైకి పోదాం."

రేడియాలజిస్టు వార్డుకు రావడం ఆ రోజుల్లో ఎవరూ ఎరగరు. ఆవిడ మెట్లెక్కి వచ్చి, ముందుగా కుర్రవాడి మెడ కింద చెయ్యి వేశారు. నన్నూ వెయ్యమన్నారు. చర్మం కింద మరమరాల సంచి నొక్కినట్టు చిటపటలాడింది. స్టెతస్కోప్ పెడితే ఎడమవైపు ఊపిరి చప్పుడే లేదు. పొద్దున్నుంచీ గాలి కొద్దికొద్దిగా లీకై, ఛాతీలో చేరి, ఊపిరితిత్తిని నొక్కేసింది.

"ఇప్పుడింకో ఫిల్మ్ కొరకు ఆగకు. ముందు గాలి తియ్యి. ఫిల్మ్ తర్వాత నేను తీపిస్త" అన్నారావిడ.

అక్కడే, మంచం మీదే సూది గుచ్చాం. బుస్సుమని గాలి వచ్చింది. తర్వాత ఛాతీలో గొట్టం వేశాం. కాసేపటికి నర్సింహులు కళ్లు తెరిచి మా ఇద్దరి వంకా చూశాడు. అప్పటిదాకా గట్టిగా పట్టుకున్న నా కొంగును అప్పుడు వదిలాడు.

బయట వరండాలో మా వారు, హాస్టల్ కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. సాయంత్రం ఊరి నుంచి కుర్రవాడి తండ్రి వచ్చాడు. నన్ను కాదు, మా వారిని అడిగాడాయన. "సారూ, పాణానికి భయం లేదన్నరు. మరి మాట వస్తదా? వాడు మీలెక్క పంతులు కావాల్నని సదువుతున్నడు."

మా వారు నా వైపు చూశారు. వస్తుందని నేను తలూపాను. నిజానికి నాకు అంత నమ్మకం లేదు. కానీ వచ్చింది. కొంచెం జీర ఉండిపోయింది, అంతే. తర్వాత జూనియర్ కాలేజీలో లెక్చరర్ అయ్యాడు. ఆ జీర గొంతుతోనే పాఠాలు చెప్పాడు.

వామనరావు గారు తిరిగొచ్చాక ఏం చేస్తారోనని అందరం భయపడ్డాం. ఆయన పీజీలందరినీ పిలిచి, రెండు ఫిల్ములూ పక్కపక్కన లైటు ముందు పెట్టారు.

"ఈ మొదటిది చూసి నేను నిశ్చింతగా రైలెక్కేశాను. ఇది మంచి ఫిల్మే. తప్పేమీ లేదు. కానీ దీన్ని చూశాక ఆ కుర్రాణ్ణి మళ్లీ మళ్లీ చూడమని మీకు చెప్పకుండా వెళ్లాను. మీరు కూడా దీన్నే పట్టుకు కూర్చున్నారు. నుస్రత్ గారు రాకపోతే ఏమయ్యేదో మీకు తెలుసు. వెళ్లి ఆవిడకు థాంక్స్ చెప్పి రండి."

అందరం కిందికి వెళ్లాం. అందరికంటే ముందు ఆయనే నడిచారు. అంతమంది ఒక్కసారి వచ్చేసరికి నుస్రత్ మేడమ్ కంగారుపడి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు మంచి బాస్ అంటే ఎలా ఉంటాడని అడుగుతుంటారు. నాకు ఆ రోజే గుర్తొస్తుంది. చెయ్యి తిరిగిన సర్జన్లు చాలామంది ఉంటారు. పదిమంది ముందు అలా మాట్లాడగలిగినవాళ్లు కొద్దిమందే ఉంటారు. నాకు అలాంటాయన దొరికారు.

ర్యాంప్ మీద

ఇంత జరిగినా రూలు మారలేదు. మార్చాలని ఎవరికీ తోచలేదు. వామనరావు గారు రిటైరయ్యారు, మరో ఇద్దరు చీఫ్‌లు వచ్చి వెళ్లారు, నేను విభాగం బాధ్యత తీసుకున్నాను. అందరికీ ఎక్స్‌రే నడుస్తూనే ఉంది.

అప్పుడు మెట్టుగూడ నుంచి మల్లయ్య అనే పెద్దాయన వచ్చాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. స్వరపేటికలో గడ్డ. ముందుగా అనుకున్న ప్రకారం, తీరిగ్గా గొట్టం వేశాం. ఏ ఇబ్బందీ లేదు. ఆయన హాయిగా ఊపిరి తీసుకుంటూ, భార్య ఈశ్వరమ్మకు చేతి సైగలతో ఏదో చెబుతూ నవ్విస్తున్నాడు.

రూలు ప్రకారం ఎక్స్‌రేకు పంపాలి. వార్డుకు తెచ్చే మిషన్ ఒక్కటే ఉండేది, అది ఐసీయూ వదిలి వచ్చేది కాదు. లిఫ్ట్ రిపేర్‌లో ఉంది. స్ట్రెచర్ మీద ర్యాంప్ దారిలో దించుతున్నాం. కొత్తగా గొట్టం వేసిన మనిషి కాబట్టి నేనూ వెంట నడుస్తున్నాను. మలుపు దగ్గర చక్రం గతుకులో పడింది. ఆ కుదుపుకి ఆయనకు తెరలు తెరలుగా దగ్గు వచ్చింది. గొట్టం ఊడి బయటికి వచ్చేసింది.

అప్పుడే చేసిన కోత. గొట్టం ఊడితే దారి వెంటనే మూసుకుపోతుంది. ఆయన పెదవులు నల్లబడుతున్నాయి. మా వెంట తీసుకెళ్లిన ట్రేలో పనిముట్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. కోతను తెరిచిపట్టి, ఆ వాలు మీదే, సిస్టర్ స్ట్రెచర్‌ను తన ఒంటితో ఆపి పట్టుకుంటే మళ్లీ గొట్టం వేశాను.

మల్లయ్య తేరుకున్నాడు. ఎక్స్‌రే కూడా తీయించాం. అందులో ఏమీ లేదు.

సాయంత్రం ఈశ్వరమ్మ నా దగ్గరకు వచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది.

"బిడ్డా, మంచిగనే ఉండె గద మా ఆయన. ఆ ఫోటువ తియ్యకపోతే ఏమైతుండె?"

ఏదో ఒక జవాబు చెప్పబోయాను. జాగ్రత్త కోసమమ్మా అని, లోపల ఏమైనా ఉంటే తెలుస్తుందని. ఆమె అంతా విని, "లోపట ఏమన్న ఉన్నట్టు మీకు అనిపించిందా?" అని అడిగింది.

"లేదమ్మా."

"గట్లనా" అంది. వెళ్లి భర్త పక్కన కూర్చుంది.

తీసేసింది ఏమిటి

మర్నాడు నుస్రత్ మేడమ్ దగ్గరకు వెళ్లి ఈ సంగతి చెప్పాను. ఆవిడకు అప్పటికి రిటైర్మెంట్ దగ్గరపడింది. "నేను ఎన్ని రోజులసంది అంటున్న ఈ మాట. మీ వామనరావు సా'బ్ మీద ఇజ్జత్‌తోటి గట్టిగ అనలేదు" అన్నారు.

కొన్ని నెలల పాటు, ఓపీ అయిపోయాక మధ్యాహ్నాలు ఆవిడ గదిలో కూర్చుని, మా విభాగం పేషంట్ల పాత ఫిల్ములన్నీ తీసి చూశాం. ఎక్స్‌రే చూశాక మేం చేసే పని నిజంగా మారింది ఎవరి విషయంలో? వాళ్లకు అంతకుముందే ఏమైనా లక్షణం ఉందా? ఆ లెక్కలు ఇక్కడ రాయను. ఒక్క ఆసుపత్రి అనుభవం ఎవరికీ రుజువు కాదు. పెద్ద పెద్ద చోట్ల ఇదే ప్రశ్న మీద పనిచేసినవాళ్లు ఉన్నారు, వాళ్లు రాసినవి చదవండి. మాకు కనిపించింది మాత్రం ఇది. ఎక్స్‌రేలో పనికొచ్చే విషయం బయటపడిన వాళ్లలో దాదాపు అందరూ చిన్నపిల్లలో, తొందరలో ఆపరేషన్ చేసినవాళ్లో, ఆపరేషన్ కష్టమైనవాళ్లో, అప్పటికే ఊపిరిలో ఏదో తేడా కనిపించినవాళ్లో. తీరిగ్గా, తేలిగ్గా గొట్టం వేయించుకుని హాయిగా ఉన్న పెద్దవాళ్ల ఫిల్ములు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీగా వచ్చాయి.

రూలు మార్చాలని తేల్చుకున్నాక ఎవరికీ చెప్పకముందు వామనరావు గారి ఇంటికి వెళ్లాను. ఆయన కూడా తార్నాకలోనే ఉండేవారు, మాకు రెండు వీధుల అవతల. క్యాంపస్‌లో పొద్దున నడిచి వచ్చి వరండాలో పేపర్ చదువుతున్నారు. ఆయన భార్య ఇచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా ఏవేవో మాట్లాడాను.

"అసలు సంగతి చెప్పమ్మాయ్" అన్నారు.

చెప్పాను. ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టారు.

"పిల్లల సంగతి?"

"పిల్లలందరికీ తీస్తాం సార్."

"ఎమర్జెన్సీలో చేసినవాళ్లకి?"

"వాళ్లకీ తీస్తాం. ఆపరేషన్ కష్టమైనా, మనిషిలో ఏ కాస్త తేడా కనిపించినా తీస్తాం. ఎప్పుడు కనిపిస్తే అప్పుడు మళ్లీ తీస్తాం."

"మరి తీసేసిందేవిటి?"

"అలవాటుగా రాయడం సార్."

ఆయన కళ్లజోడు తీసి పేపర్ మీద పెట్టారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"నేను ఆ రూలు ఎందుకు పెట్టానో నీకెప్పుడూ చెప్పలేదు కదూ" అన్నారు. "నా మొదటి పోస్టింగ్‌లో ఒకావిడకు గొట్టం వేశాను. బాలింత. డిఫ్తీరియా. బాగానే వేశాననుకున్నాను. మర్నాటికి పోయింది. ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలీదు నాకు. ఆ ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషన్ లేదు. అందుకని మిషన్ ఉన్న చోటికి రాగానే అందరికీ తీయించడం మొదలెట్టాను. నాకోసం తీయించుకున్నానమ్మాయ్, వాళ్ల కోసం కాదు."

నేను చల్లారిన కాఫీ తీసుకుని తాగేశాను.

"మార్చేయ్. కానీ ఒకటి. ఎక్స్‌రే మానేస్తే డాక్టర్లు చాలా సంతోషిస్తారు, త్వరగా ఇంటికి పోవచ్చని. అలా పోనీకు. ఫిల్మ్ తీయని మనిషి దగ్గరికి ఎక్కువసార్లు వెళ్లాలి."

ఆ మాటను అలాగే మా రూల్లో చేర్చాను. గొట్టం వేసిన రోజు డాక్టర్ మనిషి దగ్గరకు మాటిమాటికీ వెళ్లాలి. మెడ తడమాలి, రెండువైపులా ఊపిరి వినాలి, పేషంట్ ముఖం చూడాలి. రూలు మారిన కొత్తల్లో కొందరు సీనియర్లు నన్ను వెనక తిట్టుకున్నారు. ఏదైనా తప్పిపోతే ఎవరిది బాధ్యత అన్నారు. నాదే అన్నాను. నేను ఉన్నన్నాళ్లూ ఆ పద్ధతి వల్ల ఎవరికీ చెడు జరగలేదు. అది పద్ధతి గొప్పతనం కాదు. మెట్లు ఎక్కి దిగిన పిల్ల డాక్టర్ల కాళ్ల గొప్పతనం.

మా వారి గొంతు

రిటైరైన కొన్నాళ్లకు మా వారి గొంతు బొంగురుపోయింది. జీవితమంతా తరగతిలో అరిచిన గొంతు కదా అని మొదట నేనే పట్టించుకోలేదు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. చూపిస్తే స్వరపేటికలో కాయ అని తేలింది. క్యాన్సర్ కాదు, కానీ దారిని చాలావరకు మూసేసింది. ముందు గొట్టం వేసి, తర్వాత కాయను తీయాలి.

మా ఆసుపత్రికే తీసుకెళ్లాను. ఇప్పటి చీఫ్ ఆపరేషన్ చేశాడు. తేలిగ్గా అయిపోయింది. వార్డులో చూసుకునే బాధ్యత శ్రీకాంత్ అనే పీజీది. నల్లగొండ వైపు కుర్రవాడు. మెత్తగా మాట్లాడతాడు. నేను రిటైరయ్యాక చేరినవాడు కాబట్టి నాకు అంతకుముందు తెలియదు.

మంచం మీద మా వారు నన్ను చూసి బాగున్నానన్నట్టు చెయ్యి ఊపారు. ఎన్నో వందల మందిని ఆ స్థితిలో చూసినదాన్ని. అయినా మెడలో గొట్టంతో, మాట లేకుండా ఆయన్ను చూసేసరికి నాకు తెలిసిందంతా ఎటు పోయిందో తెలీదు. శ్రీకాంత్ రాగానే అడిగాను.

"ఎక్స్‌రే ఎప్పుడు తీస్తారు?"

అతను కాస్త తడబడ్డాడు. "తీయట్లేదు మేడమ్. ఆపరేషన్ మంచిగ అయింది. సార్‌కు రెండు దిక్కుల గాలి మంచిగ పోతున్నది."

"అయినా ఒకటి తీయించండి."

"మేడమ్, మీకేమన్న తేడా కనిపించిందా? చెప్పుండ్రి, ఇప్పుడే పంపిస్త."

నేను మా వారి వంక చూశాను. పెదవుల రంగు బాగుంది. ఊపిరి నిదానంగా ఉంది. మెడ మీద వాపు లేదు. వెతికాను, ఒక్క తేడా దొరుకుతుందేమోనని. దొరకలేదు.

"లేదు" అన్నాను. "భయంగా ఉంది, అంతే."

శ్రీకాంత్ నవ్వలేదు. రూలు రాసింది మీరే కదా అనలేదు. అలా అనడానికి అతనికి హక్కుంది. "నేను మళ్ల వస్త మేడమ్" అని మాత్రం అన్నాడు.

నాకు కోపం వచ్చింది. చీఫ్‌కు ఫోన్ చేస్తే ఒక్క నిమిషంలో పని జరుగుతుందని తెలుసు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. వామనరావు గారు ఆ రోజు వరండాలో చెప్పింది అప్పుడు నాకు నిజంగా అర్థమైంది. ఆ ఎక్స్‌రే అవసరం మా వారికి లేదు. నాకు ఉంది. ఫోన్ సంచిలో పెట్టేశాను.

శ్రీకాంత్ మళ్లీ వచ్చాడు. మెడ తడిమాడు, ముందు నుంచి, వెనక నుంచి ఊపిరి విన్నాడు. వెళ్లాడు. ఓపీ మధ్యలో ఇంకోసారి వచ్చాడు. భోజనానికి వెళ్లేముందు వచ్చాడు, తిని వచ్చాక వచ్చాడు. ప్రతిసారీ తను ఏం చూశాడో నాకు చెప్పాడు. "అంతా నార్మల్" అని ఒక్కసారి కూడా అనలేదు. "మెడ మీద గాలి లేదు మేడమ్, ఎడమ దిక్కు కింద దాకా వినొస్తున్నది" అని చెప్పాడు. సాయంత్రమయ్యేసరికి నా భయం తగ్గింది. ఎక్స్‌రే తీసి ఉంటే ఒక్క ఫిల్మ్ వచ్చి ఉండేది, నేను దాన్ని చూసి ఇంటికి వెళ్లి ఉండేదాన్ని. దాని బదులు ఒక మనిషి రోజంతా వచ్చాడు.

నా ఉద్యోగంలో నన్ను కాదన్న జూనియర్లు తక్కువ. పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లకు అదొక నష్టం, కూర్చున్నప్పుడు తెలియదు. రిటైరయ్యాక, పేషంట్ భార్యగా కూర్చున్నప్పుడు, ఒక కుర్రవాడు నన్ను మర్యాదగా కాదన్నాడు. నాకు వామనరావు గారు, నుస్రత్ మేడమ్ దొరికినట్టే మా వారికి ఇతను దొరికాడు. ఆ కృతజ్ఞత చెప్పుకోవడానికే ఇదంతా రాశానేమో.

కాయ తీశారు. కొన్ని వారాలకు గొట్టం తీసే రోజు వచ్చింది. గొట్టం తీశాక కోత మీద గాజుగుడ్డ పెట్టి, "సార్, ఇక్కడ వేలితోటి ఒత్తిపట్టి మాట్లాడుండ్రి" అన్నాడు శ్రీకాంత్.

అన్ని వారాలు మౌనంగా ఉన్న మనిషి మొదట ఏమంటారోనని చూస్తున్నాను. ఆయన గొంతు సవరించుకుని, శ్రీకాంత్ ముఖంలోకి చూశారు.

"ఏ ఊరు నాయనా మీది?"

శ్రీకాంత్ చెప్పాడు. నల్లగొండ దాటాక ఫలానా ఊరు అన్నాడు. మీ ఊళ్లో నీళ్లు ఎంత లోతులో పడతాయి, బోర్లు వేస్తే రాయి ఏ రంగులో వస్తుంది అని జియాలజీ పాఠాలు చెప్పిన మా వారు అడగడం మొదలుపెట్టారు. ఆ కుర్రవాడు కూడా కూర్చుని, వాళ్ల నాన్న వేయించిన బోర్లు, ఎండిపోయినవి, నీళ్లు పడ్డది, అన్నీ చెప్పుకొచ్చాడు. బయట ఇంకా పేషంట్లు ఉన్నారు. నేను చీఫ్‌గా ఉన్న రోజుల్లో అయితే లోపలికి వచ్చి కేకలేసేదాన్ని. ఆ రోజు తలుపు దగ్గర నిలబడి ఇద్దరి మాటలూ విన్నాను.